బోనస్ వచ్చింది.. కారు ఎంతలో తీసుకోవాలె?

ఇయ్యాల ఎపిసోడ్ మొత్తం ఒక్క మెసేజ్ మీదనే. గోదావరిఖని నుంచి ఒక తమ్ముడు పంపిండు. పేరు చెప్పొద్దన్నడు, చెప్పను. ముందు మెసేజ్ చదువుతా, తర్వాత మాట్లాడుకుందాం.

"అన్నా, మా బాపు సింగరేణిల చేస్తడు. ఇంక మూడేండ్ల సర్వీసు ఉంది. నేను కరీంనగర్‌ల జాబ్ చేస్తున్న, జీతం 34 వేలు. ఈసారి బాపుకి బోనస్ మంచిగ వచ్చింది. అది డౌన్ పేమెంట్ కట్టి కారు తీసుకుందామని అనుకుంటున్న. జీఎస్టీ కూడా తగ్గింది కదా. షోరూమ్‌ల ఏడేండ్ల లోన్ అయితే నెలకు 12 వేలే అన్నరు. బాపు రిటైర్ అయ్యేలోపు సొంత కారుల కూసోబెట్టాలన్నది నా కోరిక. తీసుకోవచ్చా?"

చదవంగనే నాకు ముందు "తీసుకో తమ్మీ" అనే అనాలనిపించింది. ఎందుకంటే అడిగింది బాపు కోసం. కానీ లెక్క వేసినంక ఆ మాట అనలేకపోయిన. ఆ లెక్కనే మీ ముందు పెడుతున్న. ఈ లెక్క ఆ తమ్ముడికే కాదు, మనలో చాలామందికి పనికొస్తది.

ముందు ఒక విషయం. 2025 సెప్టెంబర్ 22 గుర్తుందా? ఆ రోజు చిన్న కార్ల మీద కొత్త జీఎస్టీ రేట్లు అమల్లోకి వచ్చినయ్. అదే రోజు సింగరేణి లాభాల వాటా కూడా ప్రకటించిండ్రు. 819 కోట్లు, అంటే పంచే లాభంలో 34 శాతం. పర్మనెంట్ కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. అంటే ఒక దిక్కు కారు చౌక అయింది, ఇంకో దిక్కు చేతిల రెండు లక్షలు పడ్డయ్. మీద దసరా. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, మందమర్రి.. ఈ బెల్ట్ మొత్తంల ఇంటికొకరు కారు గురించి మాట్లాడని రోజు లేదు.

జీఎస్టీ సంగతి ఫస్ట్ క్లియర్ చేసుకుందాం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారుకు ఇంతకుముందు 28 శాతం జీఎస్టీ, దాని మీద 1 శాతం సెస్. ఇప్పుడు మొత్తం కలిపి 18 శాతం. అంటే 8 లక్షల కారు మీద దాదాపు 68 వేలు తగ్గాలె. మంచిదే. కానీ మనోళ్లు ఏం చేస్తున్నరు? ఆ 68 వేలు జేబులో పెట్టుకుంటలేరు. "అదే రేటుకు పై వేరియంట్ వస్తుంది కదా" అని సన్‌రూఫ్ ఉన్నది బుక్ చేస్తున్నరు. తగ్గింది కారు రేటు, మన ఖర్చు కాదు.

సరే, ఇప్పుడు తమ్ముడి కారు. 8 లక్షల ఎక్స్-షోరూమ్ అనుకుందాం. తెలంగాణలో 2022లో లైఫ్ టాక్స్ పెంచినప్పటి నుంచి 5 నుంచి 10 లక్షల కారుకు 14 శాతం. 8 లక్షల మీద అది 1,12,000. ఇన్సూరెన్స్ ఒక 40 వేలు వేసుకో. కొత్త కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేండ్లది ఒకేసారి కట్టాలె, 2018 నుంచి ఇదే రూల్. అందుకే మొదటి బిల్లు పెద్దగుంటది. రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్, మ్యాట్లు, గీట్లు ఇంకో 8 వేలు. మొత్తం 9,60,000. కాబట్టి యూట్యూబ్‌లో చూసిన రేటు పట్టుకొని షోరూమ్‌కి పోకండి. ఆన్‌రోడ్ రేటు కాగితం మీద రాయించుకోండి.

ఇక్కడనే ఒక చిన్న టిప్. 10 లక్షల గీత దాటంగనే లైఫ్ టాక్స్ స్లాబ్ మారుతది, కనీసం 17 శాతం పడుతది. 9 లక్షల 90 వేల కారుకు టాక్స్ 1,38,600. అదే 10 లక్షల 10 వేల కారుకు కనీసం 1,71,700. కారు రేటులో తేడా 20 వేలు, టాక్స్‌లో తేడా కనీసం 33 వేలు. "ఇంకో 20 వేలే కదా సార్" అని సేల్స్‌లో ఉన్న తమ్ముడు అన్నప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. ఆయన తప్పు చేస్తలేడు, ఆయన టార్గెట్ ఆయనది. మన జేబు మనది.

ఇప్పుడు లోన్. 9,60,000లో బోనస్ 1,95,000 పోను 7,65,000 లోన్. వడ్డీ 9 శాతం అనుకుందాం. ఏడేండ్లయితే ఈఎంఐ 12,300. ఐదేండ్లయితే 15,900 దగ్గర. షోరూమ్‌ల చెప్పిన "నెలకు 12 వేలే" అన్నది అబద్ధం కాదు. కానీ ఏడేండ్లకు వడ్డీ 2 లక్షల 69 వేలు. ఐదేండ్లకు 1 లక్ష 88 వేలు. ఈఎంఐ చిన్నగ కనిపియ్యడానికి 81 వేలు ఎక్కువ కడుతున్నం.

దానికన్న పెద్ద ముచ్చట ఇంకోటి ఉంది. బాపుకి ఇంక మూడేండ్ల సర్వీసు. సింగరేణిల రిటైర్‌మెంట్ 61. లోన్ ఏమో ఏడేండ్లు. అంటే బాపు ఇంటికాడ కూసున్నంక కూడా నాలుగేండ్లు ఈఎంఐ నడుస్తది. అప్పుడు బోనస్ ఉండదు. ఏ బోనస్ చూసి ఇయ్యాల ధైర్యం చేస్తున్నవో, ఆ బోనస్ లోన్ మధ్యలోనే ఆగిపోతది.

ఉన్నన్ని రోజులు కూడా అది ఫిక్స్ కాదు. 2023లో 711 కోట్లు, 2024లో 796 కోట్లు, 2025లో 819 కోట్లు. మూడేండ్లు వరుసగ పెరిగింది, సంతోషం. కానీ అది లాభంల వాటా. లాభం ఎంత, అందుల పంచేది ఎంత అన్నది ప్రతి ఏడు కొత్తగ తేలుతది. అదే గనిలో కాంట్రాక్ట్ మీద చేసే అన్నకు ఈసారి వచ్చింది 5,500. పక్కపక్క ఇండ్లలో ఉంటరు, పిల్లలు ఒకే బడికి పోతరు. ఒకరింటి ముందు కొత్త కారు, ఇంకొకరు అది చూసి అప్పు చేసి ఇంకోటి. ఇది కూడా మన దగ్గర జరుగుతుంది, చూస్తనే ఉన్నం.

ఈఎంఐ ఒక్కటే కాదు కదా ఖర్చు. తమ్ముడు ప్రతి వారం కరీంనగర్ నుంచి ఖని పోయి వస్తడు, పోను 65 కిలోమీటర్ల దగ్గర. నాలుగు వారాలు, ఊర్లో తిరుగుడు కలిపి నెలకు 600 కిలోమీటర్లు. పెట్రోల్ 110 దగ్గర వేసుకొని, లీటరుకు 16 కిలోమీటర్లు వస్తే నెలకు 4,100. ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి నెలకు 2 వేలు పక్కన పెట్టాలె. సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీ, ఎవడో గీత గీస్తే పెయింటు.. 1,500. ఈఎంఐతో కలిపితే 19,900. జీతం 34 వేలు. వంద రూపాయల్ల 58 రూపాయలు కారుకే.

ఇంకో రకంగ చూద్దాం. కిలోమీటరుకు ఎంత పడుతుంది? నెలకు 19,900. దానికి బోనస్ పైసలు కూడా ఏడేండ్లకు పంచితే నెలకు 2,300. అవి కూడా మన పైసలే కదా. ఏడేండ్ల తర్వాత కారు 3 లక్షలకు అమ్మినమనుకో, నెలకు 3,500 వెనక్కి వచ్చినట్టు. తీసేస్తే 18,700. 600తో భాగిస్తే కిలోమీటరుకు 31 రూపాయలు. ఇప్పుడు మీ ఊర్లో కిరాయి కారు నడిపే అన్నను అడుగు, కిలోమీటరుకు ఎంత తీసుకుంటవని. ఆ నంబరు, ఈ 31 పక్కపక్కన పెట్టి చూడు. కార్ల విషయంల తక్కువ తిరిగేటోడికే ఎక్కువ ఖర్చు.

"అన్నా, నీకేం తెలుసు, నువ్వు చెప్తవ్" అంటరు కామెంట్లల్ల. నాకు తెలుసు. నేను ఇదే తప్పు చేసిన, దీనికన్న పెద్దది చేసిన.

హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు ఆన్‌రోడ్ 13 లక్షల కారు తీసుకున్న. 3 లక్షలు చేతిల నుంచి, 10 లక్షలు లోన్, ఏడేండ్లు, నెలకు 16 వేలు. ఫ్రెండ్స్ అందరికీ కార్లున్నయ్, పెళ్లి సంబంధాలు చూస్తున్నరు, కారు లేకపోతే ఎట్ల అని. కొండగట్టుకు పోయి పూజ చేయించిన. స్టేటస్ పెట్టిన. 20 నెలలైనంక ఒక రోజు పదిహేను నిమిషాల వీడియో కాల్‌ల జాబ్ పోయింది. జీతం ఆగింది. ఈఎంఐ ఆగదు కదా. చివరి రెండు ఈఎంఐలు బాపు కట్టిండు, చిట్టి ఎత్తి. అది చెల్లె పెళ్లి కోసం వేసుకున్న చిట్టి.

22 నెలలకు అమ్మిన. 22 నెలల్ల కట్టిన ఈఎంఐలు 3 లక్షల 54 వేలు. అయినా బ్యాంకుకు ఇంకా 7 లక్షల 95 వేలు బాకీ. ఎందుకంటే ముందు నెలల్ల కట్టేదాంట్ల వడ్డీ వాటా తర్వాతి నెలలకన్న ఎక్కువుంటది. కారు 8 లక్షల 60 వేలకు పోయింది. లోన్ క్లోజ్ చేసి, ఛార్జీలు కట్టినంక చేతిల 50 వేలు. పెట్టింది ఆరున్నర లక్షలు, వచ్చింది 50 వేలు. నెలకు 27 వేలు పడింది, పెట్రోల్ కాకుండ. మా బాపు తిట్టలేదు. ఒక్కటే అడిగిండు, "ఆ కారు మనింటికి ఎన్నిసార్లు వచ్చిందిరా?" అని. లెక్క పెడితే తొమ్మిది సార్లు.

అప్పటి నుంచి నాకు ఒక్కటే రూల్. కారు బడ్జెట్ జీతం వచ్చే నెలను చూసి పెట్టొద్దు, జీతం ఆగిన నెలను చూసి పెట్టాలె.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్లకే కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు దుబాయ్, సౌదీ పోయినోళ్ల ఇండ్లున్నయ్. వీసా రెన్యువల్ కాకపోతే ఆ నెల నుంచే పైసలు ఆగుతయ్. ఆదిలాబాద్‌ల పత్తి పండించే ఇంట్ల అయితే పైసలు వచ్చేది ఏడాదికి ఒకసారి, పత్తి మార్కెట్‌కి పోయినంక. మిగతా నెలలన్నీ జీతం ఆగిన నెలలే. కానీ ఈఎంఐ ప్రతి నెల ఐదో తారీఖు వస్తది. దానికి వాన పడిందా లేదా తెల్వదు.

అమెరికాల ఒక రూల్ బాగ చెప్తరు, 20-4-10 అని. 20 శాతం డౌన్ పేమెంట్, నాలుగేండ్ల లోన్, కారు ఖర్చు మొత్తం జీతంల 10 శాతం లోపు. మన యూట్యూబ్‌ల కూడా చాలామంది ఇదే చెప్తరు. కానీ 34 వేల జీతంల 10 శాతం అంటే 3,400. తమ్ముడి పెట్రోల్‌కే సరిపోదు. కాబట్టి అక్కడి రూల్ ఇక్కడ అతికిస్తే నడవదు. నేను మూడు ప్రశ్నలు అడుగుత, పెన్ను పేపర్ తీసుకొని రాయండి.

ఒకటి. జీతం మూడు నెలలు ఆగితే ఇల్లు నడుస్తదా? తమ్ముడికి రూమ్, తిండి కలిపి 11 వేలు, ఇంటికి 8 వేలు పంపుతడు. నెలకు 19 వేలు, మూడు నెలలకు 57 వేలు. రౌండుగా 60 వేలు. ముందు ఇది పక్కన పెట్టాలె. బోనస్ 1,95,000లోంచి ఇది తీస్తే 1,35,000 మిగిలింది. కారుకు వాడదగ్గ పైసలు ఇవే.

రెండు. ప్రతి నెల నిజంగ ఎంత మిగులుతుంది? 34 వేలల్ల 19 వేలు పోతే 15 వేలు. ఇందుల సగమే కారుకు, 7,500. మిగతా సగం పొదుపుకు, పండుగకు, దవాఖానకు. గుర్తుంచుకోండి, ఈ 7,500లోనే ఈఎంఐ, పెట్రోల్, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అన్నీ రావాలె. ఈఎంఐ ఒక్కటే కాదు.

మూడు. కారు లేకుండ ఏ పని ఆగుతుంది? ఇది సీరియస్‌గ రాయండి. అమ్మ, చెల్లె పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల 2023 డిసెంబర్ 9 నుంచి ఫ్రీగ పోతున్నరు. నీకు బైక్ ఉంది. అట్లయితే కారు పని ఏంటిది? రాత్రి దవాఖానకా, ఊరి ప్రయాణాలకా, పెళ్లిళ్లకా? ఇంట్ల డయాలసిస్‌కు పోయేటోళ్లుంటే, దివ్యాంగులుంటే లెక్క వేరు. అప్పుడు కారు షోకు కాదు, అవసరం. వాళ్లకు నేను ఆగుమని చెప్పను.

ఇప్పుడు తమ్ముడి జవాబు. కొత్త కారు రన్నింగ్ ఖర్చే 7,600 అయితుంది, ఈఎంఐ రూపాయి కూడా లేకుండ. అంటే 9 లక్షల 60 వేల కారు ఇప్పుడు నీకు కాదు తమ్మీ. సెకండ్ హ్యాండ్ చిన్న కారు చూద్దాం. తిరుగుడు నెలకు 400 కిలోమీటర్లకు తగ్గిస్తే, రెండు వారాలకోసారి కారు, మిగతాది బస్సు, పెట్రోల్ 2,750. ఇన్సూరెన్స్ 1,000. సర్వీసింగ్‌కి 1,500. మొత్తం 5,250. మిగిలింది 2,250. పాత కారు లోన్‌కు వడ్డీ ఎక్కువ, 12 శాతం అనుకున్నా లక్ష రూపాయల లోన్ ఐదేండ్లకు 2,224 ఈఎంఐ. సరిగ్గ సరిపోయింది. అంటే 1,35,000 చేతిలవి, 1 లక్ష లోన్. నీ బడ్జెట్ ఇయ్యాల 2 లక్షల 35 వేలు. ఒక్క ఏడాది ఆగి నెలకు 7,500 దాస్తే ఇంకో 90 వేలు చేరి 3 లక్షల 25 వేలయితది. అప్పటికి కూడా బాపు సర్వీసులనే ఉంటడు.

నీకు నమ్మకం కాకపోతే ఒక టెస్ట్ చెప్త. ఉత్తుత్తి ఈఎంఐ. కొత్త కారే కావాలంటే, వచ్చే నెల నుంచి ఆరు నెలలు, జీతం పడంగనే 19,900 వేరే అకౌంట్‌ల వేసెయ్. కారు వచ్చినట్టే అనుకో. ఆరు నెలలు ఒక్క రూపాయి ముట్టకుండ ఉంటే, వచ్చి కామెంట్ పెట్టు, నేను సారీ చెప్త. మధ్యల తీయాల్సి వస్తే జవాబు నీకే దొరికింది, అది కూడా నష్టం లేకుండ.

సెకండ్ హ్యాండ్ అంటే కొన్ని జాగ్రత్తలు. ఇన్సూరెన్స్ వాళ్ల లెక్కల ఐదేండ్లకు కారు విలువ సగం అయితది. ఆ సగం నష్టం మొదటి ఓనర్ భరించిండు, అది మనకు లాభం. ఆర్సీ మీద బ్యాంకు హైపోథికేషన్ ఉందా చూడండి. ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండ పైసలు ఇయ్యొద్దు. పెండింగ్ చలాన్లు చూడండి. తెలిసిన మెకానిక్‌ను తీసుకొని పోండి, 500 ఇచ్చినా తప్పు లేదు. ఆదిలాబాద్ దోస్తులకు స్పెషల్‌గ చెప్తున్న, చంద్రాపూర్, యవత్మాల్ దిక్కు నుంచి ఎంహెచ్ నంబర్ కారు చౌకగ వస్తుందని పోతరు. ఇక్కడ పర్మనెంట్‌గ తిప్పాలంటే మన రాష్ట్రంల మళ్ల లైఫ్ టాక్స్ కట్టాలె, ఎన్‌ఓసీ తేవాలె. అది కలిపినంక చౌకనా కాదా చూసుకోండి. అదే టీజీ 01, టీజీ 02, పాత టీఎస్ నంబర్లయితే లైఫ్ టాక్స్ ముందే కట్టి ఉంటది.

ఈవీ గురించి కూడా అడుగుతరు. 2024 నవంబర్ పాలసీ ప్రకారం తెలంగాణలో ఈవీలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు, 2026 డిసెంబర్ 31 దాకా. జీఎస్టీ కూడా 5 శాతమే. రోజూ ఎక్కువ తిరిగేటోళ్లకు, ఇంట్ల ఛార్జింగ్ పాయింట్ ఉన్నోళ్లకు బాగుంటది. రూమ్‌ల ఉండే బ్యాచిలర్‌కు, నెలకు 400 కిలోమీటర్లు తిరిగేటోడికి నేనైతే చెప్పను.

చివరగ తమ్ముడికి ఒక్క మాట. నీ మెసేజ్‌ల జీతం రాసినవ్, ఈఎంఐ రాసినవ్, బోనస్ రాసినవ్. బాపు ఏమన్నడో రాయలేదు. అడిగినవా? ఆ రెండు లక్షలు ఆయన గనిల దిగి సంపాదించినయ్. ఆయన మనసుల కారు ఉందో, రిటైర్ అయినంక ఇంటి మీద ఒక రూమ్ వేసుడు ఉందో, మోకాళ్ల నొప్పికి మంచి డాక్టర్ ఉన్నడో. అడగకుండ మనకెట్ల తెలుస్తది? ఈ ఆదివారం ఒక కిరాయి కారు మాట్లాడుకొని బాపును, అమ్మను ముందు సీట్ల, వెనక సీట్ల కూసోబెట్టుకొని వేములవాడ తీసుకపో. దారిల అడుగు. బాపు కారే కావాలంటే, మన దగ్గర 2 లక్షల 35 వేల లెక్క రెడీగ ఉంది. వద్దంటే, నీకు ఏడేండ్ల లోన్ తప్పింది.

ఇదండీ ఇయ్యాల లెక్క. మీ జీతం, మీ ఖర్చు వేసుకొని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. వచ్చిన నంబర్ కామెంట్‌ల పెట్టండి, జీతం చెప్పాల్సిన పని లేదు. నంబర్ చూసి మీకు నవ్వొస్తే అది మంచి సంకేతమే, అందరికీ ఫస్ట్ అట్లనే అనిపిస్తది. దసరాకు బోనస్ వచ్చిన ఇంట్ల మీ దోస్తు ఉంటే, వాడు షోరూమ్‌కి పోయే ముందు ఈ వీడియో పంపండి. వచ్చే వారం ఇన్సూరెన్స్ గురించి మాట్లాడుకుందాం. ఉంట మరి. జాగ్రత్త, నిమ్మళంగ నడపండి.